లాస్ట్‌కి నేను చెప్పిన అర్థం

మా బావ నోట మళ్ళీ మాట పలికిన రోజున ఆ ఇంట్లో తెలుగు మాస్టారిని నేనొక్కణ్ణే ఉన్నాను. అందుకే అక్క నన్ను అడిగింది.

"ఏటంతన్నాడ్రా?"

బావంటే మా అక్క మొగుడు. ఐటీఐలో పిల్లలకి కంప్యూటర్ నేర్పి రిటైరయ్యాడు. వానాకాలం మొదట్లో ఒక పొద్దున్న పళ్ళు తోముకుంటూ తోముకుంటూ నూతి చప్టా మీద కూలబడిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. విశాఖపట్నం ఆసుపత్రిలో కొన్నాళ్ళుంచి అనకాపల్లి తీసుకొచ్చేశాం. వెనకగదిలో, ఆయన కంప్యూటర్ ఉన్న గదిలో పడుకోబెడదామంటే ఆసుపత్రి మంచం ఆ గుమ్మంలో పట్టలేదు. ముందుగదిలో, వీధి తలుపుకి ఎదురుగా వేశాం. అక్కడైతే గాలి వస్తుంది, వచ్చేవాళ్ళు చూసి వెళ్ళడానికి సదుపాయంగా ఉంటుంది అనుకున్నాం. ఎవరి సదుపాయం అన్నది అప్పుడు నాకు తట్టలేదు.

చాలా రోజులు ఆయన నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. మాటల డాక్టరమ్మ ఒకావిడ విశాఖపట్నం నుంచి వారానికి రెండుసార్లు రైల్లో వచ్చి, ఎదురుగా కూర్చుని "ఆ... ఊ..." అనిపించేది. చెంచా చూపించి చెంచా అనమనేది. ఆయన నోరు తెరిచేవాడు, అలిసిపోయేవాడు. "మొదటి నెలలే ముఖ్యమండీ, ఆపకండి," అని ఆవిడ వెళ్ళేటప్పుడు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ ప్రతిసారీ చెప్పేది. ఆ మాట నేను చెవులారా విన్నాను. విన్లేదని చెప్పుకోడానికి నాకు దారి లేదు.

ఒకరోజు సాయంత్రం అక్క జావ తాగిస్తుంటే బావ గ్లాసు తోసేశాడు. ఎడమ చెయ్యి ఎత్తి లోపలి గుమ్మం వైపు చూపించాడు. మొహం అంతా చెమట పట్టింది. తరవాత స్పష్టంగా, మా ఇద్దరికీ వినబడేలా అన్నాడు.

"లాస్ట్."

అక్క చేతిలో గ్లాసు అలాగే ఉంది. ఆయన మళ్ళీ అన్నాడు. "లాస్ట్. లాస్ట్." కళ్ళమ్మట నీళ్ళు.

అప్పుడే అక్క నన్నడిగింది, ఏటంతన్నాడ్రా అని. ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో పద్యాలకి ప్రతిపదార్థాలు చెప్పినవాణ్ణి. ఎదటివాళ్ళు అర్థం అడిగితే తెలీదనడం నాకు చేతకాదు. నాకు అది జబ్బులాంటిది. పెళ్ళికార్డులో తప్పులు వెతుకుతాను, బస్సు మీద రాసిన మాటలు చదివి తిట్టుకుంటాను. అలాంటివాణ్ణి నోరు మూసుకుని ఊరుకుంటానా?

"అయిపోయిందంటున్నాడక్కా," అన్నాను. "ఇదే ఆఖరు అంటున్నాడు."

అక్క గ్లాసు కింద పెట్టి గోడకి జారబడి కూర్చుంది. "నాకూ అలగే అనిపించింది," అంది.

బావ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఆ చూపుని కూడా నేను ఒప్పుకోలు కింద లెక్కేసుకున్నాను.

ఆ తరవాత జరిగింది చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని చెప్పాలి. మాటల డాక్టరమ్మని ఇంక రావద్దన్నాం. "ఆయనే ఆఖరని సెప్తంతే ఇంకా నోరు తెరు, నాలిక తిప్పు అని పీడించడం దేనికిరా," అంది అక్క. నేను తలూపాను. ఫోన్ చేసి చెప్పింది నేనే. "మీ ఇష్టం మాస్టారూ," అంది ఆవిడ. చేతికీ కాలికీ వ్యాయామం చేయించే కుర్చీ కూడా మడిచి మంచం కిందకి తోసేశాం.

చుట్టాలందరికీ కబురెళ్ళింది. మాకవరపాలెం నుంచి మా బావ పినతండ్రి కొడుకులు వచ్చారు, మాడుగుల నుంచి ఆయన మేనత్త వచ్చింది. మాడుగుల నుంచి వచ్చినావిడ హల్వా తేకుండా ఎలా వస్తుంది? రెండు డబ్బాలు తెచ్చింది. జావ తప్ప మింగలేని మనిషి తలగడ పక్కన ఆ డబ్బాలు పెట్టి, "బాబూ, నీకిష్టమని తెచ్చేను," అని బావురుమంది. వచ్చినవాళ్ళందరూ కుర్చీల్లో కూర్చుని, ఆయన బతికుండగానే ఆయన గురించి భూతకాలంలో మాట్లాడారు. "మంచోడు. ఎవుర్నీ నొప్పించీవోడు కాడు." పెళ్ళికార్డుల్లో తప్పులు పట్టేవాణ్ణి నేను, ఆ క్రియలు మాత్రం సరిదిద్దలేదు. వాళ్ళు వెళ్ళాక ఆ హల్వా నేనే తిన్నాను, రెండు రోజులు.

బావ ప్రతి ఒక్కరికీ అదే చెప్పాడు. లోపలి గుమ్మం వైపు చెయ్యి చాపి, "లాస్ట్." వాళ్ళు చెంగులతో కళ్ళు తుడుచుకునేవాళ్ళు. కొన్నాళ్ళకి ఆయన చెప్పడం తగ్గించేశాడు. నేను దాన్ని శాంతి అనుకున్నాను.

అలా ఐదు వారాలు గడిచిపోయాయి.

ఒక మధ్యాహ్నం అక్క నా దగ్గరికొచ్చి గుసగుసగా అంది. "ఒరే తమ్ముడూ, ఆయన సెయ్యి ఎప్పుడూ ఎనకగది వైపే సూపిత్తాడు, సూసేవా? ఆ డబ్బాలో ఏదో రాసుంచేడేమోరా. లాస్టు మాట. మనం సదవాలని. నువ్వు సూడు."

డబ్బా అంటే కంప్యూటర్. దాని సంగతి చెప్పాలి. ఊరందరి కంప్యూటర్లలో బొమ్మలుంటాయి, ఎలుక ఉంటుంది. మా బావ దాన్లో ఏ బొమ్మా ఉండదు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, అంతే. అన్నీ కీబోర్డు మీద కొట్టే చేసేవాడు. నేనెప్పుడైనా వెళ్తే ఆ తెర ముందు కూర్చుని పెదాలు కదుపుతూ చదువుకుంటూ ఉండేవాడు. "ఏముంది బావా అందులో?" అంటే, "దీన్ని వాడ్డం ఎలగో దీంట్లోనే రాసుంది బావా. ఎవుణ్ణీ అడగక్కర్నేదు. సూసుకోవడమే," అనేవాడు. మా వైపు మగాళ్ళం ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం, వావి ఉన్నా లేకపోయినా. "నేర్పుతాను కూకో," అని చాలాసార్లు అన్నాడు. "నాకెందుకు బావా ఆ ఇంగ్లీషు గోల," అని నేను టీ తాగేసి లేచిపోయేవాణ్ణి. "తెలుగు మాస్టారివి, ఇంగ్లీషు అంటితే మైల పడిపోతావు కాబోలు," అని ఎగతాళి చేసేవాడు. మా ఇద్దరికీ అదొక వేళాకోళం. ఇరవై ఏళ్ళు అలాగే సాగింది.

వెనకగదిలో బల్ల మీద దుమ్ము పట్టింది. తెర అంచుకి ఒక కాగితం ముక్క అంటించి ఉంది, బావ గుండ్రటి చేతిరాత. "ఏం తెలీకపోయినా ఇది కొట్టు," అని రాసి, కింద నాలుగు ఇంగ్లీషు అక్షరాలు. అక్క కోసం రాశాడట ఎప్పుడో. అక్క దాన్ని ముట్టుకుంటే ఒట్టు. నేను కంప్యూటర్ స్విచ్ వేశాను.

కొట్టాను. తెర నిండా ఇంగ్లీషు వచ్చింది.

పుస్తకాల పేర్ల జాబితా అది. ఆ కంప్యూటర్లో ఉన్న ప్రతి పరికరానికీ, అంటే ప్రోగ్రాముకీ, ఒక పుస్తకం. ఆ పుస్తకాలు చదివించేది ఇంకో పరికరం. దాన్ని వాడటానికి మళ్ళీ ఒక పుస్తకం. బాణం మీట నొక్కితే తెర మీద ఒక చుక్క కదిలింది. ఇంకేదో నొక్కితే తెర మొత్తం మారిపోయింది. వచ్చిన చోటికి వెళ్దామని ఇంకోటి నొక్కితే మూడో చోటికి పోయింది. బయటికి రావడం కూడా నాకు తెలియలేదు. అరగంట అవస్థ పడి గోడకున్న స్విచ్ ఆపేశాను. కింద బ్యాటరీ పెట్టె కీచుకీచుమని అరిచింది. ముందుగదిలో అక్క "ఏటైందిరా!" అని కేక పెట్టింది. బావ ఆ చప్పుడుకి ఏమన్నాడో నాకు వినబడలేదు.

మర్నాడు మెయిన్ రోడ్డు మీద కంప్యూటర్ షాపతన్ని ఆటోలో తీసుకొచ్చాను. అతను చూసి నవ్వాడు. "ఇదెక్కడి పాత సరుకు మాస్టారూ? మొత్తం సెరిపేసి కొత్తది ఎక్కించీమంటారా? గంటలో అయిపోద్ది." చెరిపెయ్యడం అన్న మాట వినగానే అక్క ఆ గది గుమ్మానికి అడ్డంగా నిలబడింది. అతన్ని పంపేశాం. ఫోన్లో వెతికితే ఎవరో గబగబా ఇంగ్లీషులో మాట్లాడేసే వీడియోలు వచ్చాయి. నా వయసుకి, నా చెవికి అవి అందలేదు.

కాబట్టి నేనే నేర్చుకోవాలి. రోజూ బావ మధ్యాహ్నం కునుకు తీసే వేళ వెనకగదిలో కూర్చునేవాణ్ణి. పక్కన నోటుపుస్తకం, ఒళ్ళో ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు. అరవై దాటాక ఎక్కాలు నేర్చుకునేవాడి బతుకు. ఒక వాక్యానికి నాలుగు మాటలు వెతకాలి. నాలుగూ దొరికాక వాక్యం అర్థం కాదు.

ఆ పుస్తకంలో పేజీని పేజీ అనడు. నోడ్ అంటాడు. నిఘంటువు తీస్తే నోడ్ అంటే కణుపు అని ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. అనకాపల్లిలో పుట్టినవాడికి కణుపు గురించి ఎవరైనా చెప్పాలా? చెరకు ముక్క కొట్టి పాతేది కణుపు చూసే, నమిలేటప్పుడు పళ్ళకి అడ్డం పడేది కణుపే. సరే, ఈ పుస్తకం ఒక చెరకు గడ, పేజీలన్నీ కణుపులు అనుకున్నాను. పై వరసలో మూడు మాటలు ఎప్పుడూ కనిపిస్తాయి. నెక్స్ట్ అంటే తరవాతది, ప్రీవ్ అంటే ముందుది, అప్ అంటే పైది. ఎన్ నొక్కితే తరవాతి కణుపు, పి నొక్కితే ముందు కణుపు, యు నొక్కితే పై కణుపు. నోటుపుస్తకంలో అందంగా గడ బొమ్మ గీసి రాసుకున్నాను కూడా.

ఆ బొమ్మే నా కొంప ముంచింది. చెరకు గడలో కణుపు మీద కణుపే ఉంటుంది కదా, కొమ్మలుండవు కదా. తరవాతి కణుపన్నా పై కణుపన్నా ఒకటే. అందుకని ముందుకి పోదామనుకున్నప్పుడల్లా ఒకసారి ఎన్ నొక్కేవాణ్ణి, ఒకసారి యు నొక్కేవాణ్ణి. యు నొక్కినప్పుడల్లా అది నన్ను పుస్తకం మొదటికి విసిరేసేది. రెండుసార్లు నొక్కితే జాబితాలో పడేసేది. గంట కష్టపడి నాలుగు పేజీలు దాటడం, ఒక్క మీటతో మొదటికి రావడం. పదిరోజులు ఇదే. నాకు ఏడుపొచ్చింది. నిజంగానే ఒకరోజు కీబోర్డు మీద తల పెట్టుకుని ఏడ్చాను. నా నుదురు ఏ మీట నొక్కిందో, లేచి చూసేసరికి ఇంకేదో పుస్తకంలో ఉన్నాను.

పక్కగదిలో బావ ఉన్నాడు. ఇరవై అడుగుల దూరం. ఈ ఊళ్ళో ఇది తెలిసిన మనిషి ఆయనొక్కడే. ఒకసారి నోటుపుస్తకం తీసుకెళ్ళి గడ బొమ్మ చూపించాను. "బావా, తరవాతిదీ పైదీ ఒకటి కాదా?" అని అడిగాను. ఆయన బొమ్మ చూశాడు, నన్ను చూశాడు. చాలా రోజుల తరవాత మొహంలో ఎడమ సగం నవ్వింది. ఎడమ చెయ్యి ఎత్తి మా అక్కని చూపించాడు, నన్ను చూపించాడు, తరవాత గోడ మీద దండ వేసిన మా అమ్మ ఫోటో చూపించాడు. అంతే, చెయ్యి పడిపోయింది.

"అమ్మ దగ్గరికి పోతానంతన్నాడ్రా," అని అక్క ఏడ్చింది. నాకూ అలాగే అనిపించింది. చూడండి, ఆ మనిషి నాకు పాఠం చెప్పాడు, నేను దాన్ని కూడా చావు కిందే అనువాదం చేశాను.

రెండు రోజులకి బుర్రకెక్కింది. అక్క, నేను, అమ్మ. తరవాతది అంటే తమ్ముడు. ముందుది అంటే అక్క. పైది అంటే అమ్మ. అది గడ కాదు, సంసారం. ఒక పేజీకి పిల్ల పేజీలుంటాయి, పేజీలో మెనూ అని ఉండేది ఆ పిల్లల పేర్లే. పిల్లల్లోంచి పక్కపిల్లకి వెళ్ళాలంటే ఎన్, తల్లి దగ్గరికి వెళ్ళాలంటే యు. అలా అనుకుని కూర్చుంటే ఆ మధ్యాహ్నం ఒక్కసారి కూడా తప్పిపోలేదు. సంతోషంతో పరిగెత్తుకెళ్ళి బావకి చెబుదామనుకున్నాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

అప్పటికీ నేను వెతుకుతున్నది ఆయన ఆఖరి మాటనే. పుస్తకం చదవడం వస్తే, దాన్ని పట్టుకుని ఆయన రాసుకున్నవి తెరవడం నేర్చుకోవచ్చని నా ఆశ. కొత్తవాళ్ళ కోసం రాసిన పాఠం ఒకటి ఉంది అందులో. హెచ్ నొక్కితే వస్తుంది. ఆ పాఠం చిన్నపిల్లలకి చెప్పినట్టు చెబుతుంది, ఇది నొక్కు, ఇప్పుడు వెనక్కి రా, భయపడకు అని. మర్యాదగల పాఠం. దాన్లో ముప్పావు వంతు దాటాక ఎల్ అనే మీట గురించి వచ్చింది. ఎల్ అంటే లాస్ట్ అని ఉంది.

అక్కా అని పిలవబోయి ఆగాను. ఇదన్నమాట ఆయన చెబుతున్నది! లాస్ట్ నొక్కితే ఆఖరి పేజీ వస్తుంది, ఆఖరి పేజీలో ఏదో పెట్టాడు. వాక్యం పూర్తిగా చదవకుండా ఎల్ నొక్కాను.

ఆఖరి పేజీ రాలేదు. అంతకు ముందు నేను చదివిన పేజీ వచ్చింది. మళ్ళీ నొక్కాను. దానికి ముందు చదివినది వచ్చింది. యంత్రం పాడైందనుకున్నాను. మళ్ళీ ముందుకొచ్చి, ఈసారి నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని అక్షరం అక్షరం చదివాను. ఎల్ నొక్కితే పుస్తకం చివరికి పోవు. ఇందాక నువ్వు ఎక్కడ ఉన్నావో అక్కడికి తిరిగి వెళ్తావు. దారి తప్పితే ఎల్ నొక్కు, వచ్చిన చోటికే తీసుకెళ్తుంది. ఇదీ దాని సారాంశం.

లాస్ట్ అంటే ఆఖరు కాదు. ఇందాకటిది.

నిఘంటువులో లాస్ట్ తీశాను, తీయనక్కర్లేకపోయినా. మొదటి అర్థం చివరి, కడపటి. రెండో అర్థం గత, పోయిన. అది నాకు తెలియని అర్థం కాదు. లాస్ట్ ఇయర్ అంటే పోయిన ఏడాది అని అనకాపల్లి రిక్షావాడికి కూడా తెలుసు. ఒక మాటకి రెండర్థాలుంటే సందర్భం చూడండ్రా అని ముప్పై నాలుగేళ్ళు పిల్లల్ని బెత్తంతో కొట్టినవాణ్ణి. మా బావ మంచం మీద పడి, చెయ్యి చాపి చూపిస్తూ, సందర్భం అంతా విప్పి నా ముందు పెట్టాడు. నేను చూసింది మన బస్సు స్టాండులో, బడిలో వాడే లాస్టు. లాస్టు బస్సు, లాస్టు బెంచీ.

వంటింట్లోకి వెళ్ళాను. అక్క గోరుచిక్కుళ్ళు తుంచుతోంది.

"అక్కా, బావ ఈ కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు లాస్ట్ అనేవాడా ఎప్పుడైనా?"

"ఎప్పుడైనా ఏటి? పొద్దస్తమానం అదేగా. లాస్టు, లాస్టు అని గొణుక్కుంతా టకటకా కొట్టీవోడు," అంది తల ఎత్తకుండా. తరవాత ఆమె చేతులు ఆగిపోయాయి. నా వైపు చూసింది.

ఆఖరని కాదు, మళ్ళీ ఆ గదికే తీసుకెళ్ళమంటున్నాడని చెప్పాను. నించుని చెప్పలేక పీట లాక్కుని కూర్చుని చెప్పాను. అక్క నన్ను తిట్టినా బాగుండును. చిక్కుళ్ళ చేట పక్కకి పెట్టి, లేచి ముందుగదిలోకి వెళ్ళి, బావ పాదాలు రెండూ చేతుల్లోకి తీసుకుని కూర్చుంది.

ఆ సాయంత్రమే మాటల డాక్టరమ్మకి ఫోన్ చేశాను. తప్పు నాదని చెప్పాను. ఆవిడ కేకలేస్తే పడదామనుకున్నాను, వెయ్యలేదు. "వస్తాను మాస్టారూ. మళ్ళీ మొదలుపెడదాం," అంది. "మధ్యలో ఆపకుండా ఉండాల్సింది. ఎంత వస్తుందో ఇప్పుడు చెప్పలేను." ఆ మాట చెప్పినప్పుడు గొంతు మెత్తగానే ఉంది, అందుకే ఎక్కువ తగిలింది. ఆయన లాస్ట్ అంటే లాస్ట్ అనే కాకపోవచ్చు, మాట పోయినవాళ్ళకి ఒక్కోసారి ఏదో ఒక పలుకు మిగిలిపోతుంది, దానికి అర్థం ఉండాలని లేదు అని కూడా చెప్పింది. నిజమే కావచ్చు. అర్థం ఉందో లేదో చెప్పే ధైర్యం ఈ మధ్య నాకు పోయింది.

మర్నాడు బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసే కళాసీలని ఇద్దర్ని పిలిచాం. ఆసుపత్రి మంచం గుమ్మంలో పట్టదు కాబట్టి వెనకగదిలో మామూలు మంచం వేసి, బావని కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తుకుని తీసుకెళ్ళారు. ఇంత తేలిక పని. ఇన్ని వారాలూ ఎవరికీ తోచని పని. గుమ్మం దాటుతుంటే బావ ఎడమ చేత్తో తలుపు చెక్కని తడిమాడు. ఒంటికి బెల్లం వాసన కొడుతున్న ఆ ఇద్దరూ ఆగి, ఆయన చెయ్యి తీసేదాకా నిలబడ్డారు.

తెర ముందు కూర్చోబెట్టాం. ఆయన చూపు దాని మీద ఆనగానే మనిషి మారిపోయాడు. వీపు నిటారుగా అయింది. నేను కాగితం మీది నాలుగక్షరాలు కొట్టి పుస్తకాల జాబితా తెచ్చాను. పాఠంలోకి వెళ్ళాను. ఎన్, ఎన్, యు, మెనూలో ఒక పిల్ల పేజీ, మళ్ళీ ఎన్. తప్పు లేకుండా చేశాను, పరీక్షలో విద్యార్థిలాగా. బావ ప్రతి పేజీ చూస్తూ పెదాలు కదిపాడు. మొహంలో ఎడమ సగం వెలిగింది. నాకు గర్వంగా అనిపించింది, ఎందుకు దాచాలి.

అప్పుడన్నాడు. "లాస్ట్."

నేను ఎల్ నొక్కాను. ముందు పేజీ వచ్చింది. ఆయన తల ఊపాడు. మొదటిసారి ఆ మాటకి సరైన జవాబు దొరికిందాయనకి. నా ఎడం చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"లాస్ట్."

నొక్కాను.

"లాస్ట్." నొక్కాను. "లాస్ట్." నొక్కాను. వచ్చిన దారినే ఒక్కొక్క పేజీ వెనక్కి నడిచాం ఇద్దరం, చివరికి పుస్తకాల జాబితా దగ్గరికి వచ్చేశాం. నేను మొదట తెరిచింది అదే.

"లాస్ట్," అన్నాడు.

నొక్కాను. తెర కదల్లేదు. అడుగున ఒక వరస వచ్చింది, నువ్వు చూసిన మొదటి పేజీ ఇదే, దీనికి వెనక ఏమీ లేదు అని. ఈసారి నిఘంటువు లేకుండానే అర్థమైంది.

బావ ఆ వరస చదివాడు. చదవగలడని అప్పుడే నాకు తెలిసింది. నా చెయ్యి వదల్లేదు. తెర మీంచి చూపు తీసి, చచ్చుబడిన తన కుడి చేతి వైపు చూసుకున్నాడు. అది ఒళ్ళో వెల్లకిలా పడి ఉంది. తరవాత నా మొహంలోకి చూసి, మెల్లిగా, అడుగుతున్నట్టు అన్నాడు.

"లాస్ట్?"

వంటింట్లోంచి అక్క కేకేసింది. "ఏటంతన్నాడ్రా?"

ఈసారి నాకు తెలుసు.

"వెనక్కి తీసుకెళ్ళమంటున్నాడక్కా."

"తీసుకెళ్ళేవు కదరా. ఇంకెక్కడికంట?"

నేను ఎల్ మీట మీద వేలు అలాగే ఉంచి కూర్చున్నాను.